ద్వారం వారికి తెరిచిన ద్వారం

ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు గురించి పండితులు ఎంతో రాశారు. రాగతాళాల్లో నాకున్న పాండిత్యం సున్నా. అందుకని నేను చెప్పదలచుకున్నది వారి చూపు సంగతి, వారిని చేరదీసిన కళాశాల సంగతి.

నాయుడు గారు 1893లో బెంగుళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగారు. చిన్నప్పటి నుంచీ చూపు మందం. బడి చదువు సాగలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్య గారి దగ్గర ఫిడేలు పట్టారు. చెవే వారికి పుస్తకమైంది.

1919లో విజయరామ గజపతిరాజు గారు విజయనగరంలో సంగీత కళాశాల స్థాపించారు. ఆస్థానంలో ఉన్న చాగంటి జోగారావు గారి అబ్బాయికి కళ్ళు కనపడవు. సంగీతం నేర్వాలని కోరిక. ఆ ఒక్క పిల్లవాడి కోసమే రాజావారు కళాశాల తెరిచారని అక్కడివాళ్ళు ఈనాటికీ చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. విద్యార్థిగా చేరదామని వెళ్ళిన పాతికేళ్ళ నాయుడు గారి వాద్యం విని, ఏకంగా ఆచార్యుడిగానే వేసుకున్నారట! 1936లో ఆయనే ఆ కళాశాలకు అధ్యక్షులయ్యారు. మన కృష్ణా జిల్లా నుంచి వెళ్ళిన ఘంటసాల చదివిందీ అక్కడే.

1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ వారిని వరించాయి. 1952లో ఢిల్లీలో అంధుల సహాయనిధి కోసం కచేరీ చేశారు. 1964లో కన్నుమూశారు.

ఇక మన సంగతి. మాది తిరువూరు దగ్గర వినగడప. నాతో చదివిన ఓ మిత్రుడికి చూపు లేదు. పాఠం ఒక్కసారి వింటే అప్పజెప్పేవాడు. అయినా పరీక్ష రాసిపెట్టే మనిషి కోసం ముందురోజు సాయంత్రం దాకా ఆఫీసుల చుట్టూ తిరిగాడు. చదివింది నెమరేసుకోవాల్సిన సమయమంతా ఆ తిరుగుడుకే సరిపోయింది.

2016 చట్టం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో వికలాంగులకు 5 శాతానికి తక్కువ కాకుండా సీట్లు కేటాయించమంది. స్క్రైబ్‌నీ, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయాన్నీ ఇవ్వమని 2018లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. కాగితం మీద లోటు లేదు. సీటిచ్చి మెట్ల దగ్గర వదిలేస్తే మాత్రం ఏం లాభం? మేడమీది క్లాసును కిందికి మార్చడం, నోట్సు ముందుగా చదివి వినిపించడం, గ్రంథాలయానికి ఓ వాలుదారి కట్టడం కోట్లు ఖర్చయ్యే పనులా?

మిత్రులారా! పరీక్ష రాసిపెట్టడానికి ముందుకొచ్చేవాళ్ళ జాబితా ఒకటి మన యూనియన్ ఏడాది మొదట్లోనే తయారుచేయాలి. మొదటి పేరు నాది రాసుకోండి. విజయనగరం కళాశాల చూపు తక్కువ మనిషికి చోటిచ్చింది. బదులుగా ఆయన ఆ కళాశాలకు దేశమంతటా పేరు తెచ్చారు. అలాంటివాళ్ళు మన గేటు దాకా వచ్చి వెనక్కి పోకూడదు.