లైబ్నిట్జ్

గాట్‌ఫ్రీడ్ విల్‌హెల్మ్ లైబ్నిట్జ్ 1646 వ సంవత్సరము జూలై 1 వ తేదీన జర్మనీ దేశమందలి లైప్‌జిగ్ నగరమున జన్మించెను. తండ్రి అచటి విశ్వవిద్యాలయమున నీతిశాస్త్రాచార్యుడు. బాలునకు ఆరేండ్ల వయసున ఆయన గతించెను. తండ్రి విడిచిన గ్రంథములే బాలునకు గురువులయ్యెను. లాటిను భాషను ఇతడు చాలవరకు తనంతట తానే నేర్చెను.

న్యాయశాస్త్రమున పట్టమునొంది, 1672 లో రాచకార్యముపై పారిస్ నగరమునకేగెను. అప్పటికి ఆయనకు ఉన్నత గణితము అంతగా తెలియదు. హైగెన్స్ అను డచ్చి శాస్త్రజ్ఞుని ప్రోత్సాహమున ఆ విద్యను పట్టుదలతో నభ్యసించి, మూడేండ్లలో కలన గణితమునకు పునాది వేసెను.

1675 నవంబరు 11 న ఆయన ఒక సందేహమును పరిశీలించెను. రెండు రాశులు మారుచుండగా వాని లబ్ధమెట్లు మారును? ఆ రెండు మార్పులను గుణించిన చాలునా? వినుటకిది సబబుగానే తోచును. లైబ్నిట్జ్ దానిని ఊరక నమ్మలేదు. ఒక రాశిని దానితోనే గుణించి చూచి, అది పొసగదని గ్రహించెను.

ఎందులకు పొసగదో అరకు కొండలలోని టైడా గ్రామమున ఒక చోడి చేనును ఊహించుకొన్న తెలియును. పొడవు 10 గజములు, వెడల్పు 6 గజములు. వైశాల్యము 60 చదరపు గజములు. రైతు తుప్పలు నరికి పొడవును, వెడల్పును ఒక్కొక్క గజము పెంచెననుకొనుడు. చేను 77 చదరపు గజములగును. పెరిగినది 17, మార్పులను గుణించిన వచ్చునది 1 మాత్రమే! తక్కిన 16 ఎచటివి? పొడవు వెంట పెరిగిన పట్టీ 10, వెడల్పు వెంట పెరిగినది 6. ఆ ఒక్కటి మూలనున్న చిన్న ముక్క. పెంపు గజములో పదవవంతే యైనచో పట్టీలు రెండును కలిసి 1.6, మూలముక్క 0.01. పెంపు తగ్గినకొలది మూలముక్క పట్టీలకంటె త్వరితముగా క్షీణించును గనుక తుదకు దానిని విడువవచ్చును. కావున మొదటి రాశిని రెండవదాని మార్పుతోను, రెండవ రాశిని మొదటిదాని మార్పుతోను గుణించి, ఆ రెంటిని కూడవలెను. ఈ సూత్రము అదే మాసము 21 వ తేదీ నాటి ఆయన వ్రాతప్రతియందు గానవచ్చును.

1684 లో లైబ్నిట్జ్ తన పద్ధతిని ప్రకటించెను. న్యూటన్ అంతకుముందే దీనిని కనుగొనెను గాని ప్రకటింపలేదు. ఎవరు ముందను వివాదము చెలరేగెను. లండనులోని రాయల్ సొసైటీ విచారణ సంఘము న్యూటన్ పక్షమున తీర్పు చెప్పెను. ఆ సొసైటీకి అప్పటి అధ్యక్షుడు న్యూటనే! ఇరువురును వేర్వేరుగా కనుగొనిరని తరువాతి పండితులు నిశ్చయించిరి.

1716 నవంబరు 14 న లైబ్నిట్జ్ హనోవరులో మరణించెను. నలువదేండ్లు ఆయన సేవించిన రాజాస్థానము ఆ మృతిని గణింపలేదు. సమాధిపై చిరకాలము పేరైనను లేకుండెను.