రాజ్యలక్ష్మమ్మగారి నీడ

వితంతు వివాహములనగానే కందుకూరి వీరేశలింగం పంతులుగారు స్మరణకు వచ్చుట సహజము. కాని వివాహము కుదురువరకు ఆ బాలవితంతువులు ఎచ్చట తలదాచుకొనిరి? ఎవరి చేతి అన్నము తినిరి? ఎవరిని చూచి ధైర్యము తెచ్చుకొనిరి? ఈ ప్రశ్నలకు సమాధానము పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారి జీవితము.

ఆమె 1851 నవంబరు 5న రాజమహేంద్రవరము చెంతనున్న కాతేరులో అద్దూరి పట్టాభిరామయ్య, కొండమ్మ దంపతులకు జన్మించిరి. పుట్టింటివారు పెట్టిన పేరు బాపమ్మ. ఆనాటి ఆచారమును బట్టి బాల్యముననే వివాహమయ్యెను. అత్తగారైన పున్నమ్మగారు కోడలి పేరు రాజ్యలక్ష్మి అని మార్చిరి. ఆమెకు చదువు భర్తయొద్దనే అబ్బినది.

ఆ కాలమున, నాటి గంజాం జిల్లాలోని మందస మొదలు నెల్లూరు వరకు, ఊహ తెలియకముందే పెండ్లియై, కాపురమునకు పోకముందే వైధవ్యము పొందిన బాలికలు ఎందరో యుండిరి. 1856 నాటి శాసనము వారి పునర్వివాహమునకు చట్టసమ్మతి నిచ్చినది. అయినను చట్టము ఎవరికిని అన్నము వండి పెట్టదు. మరల పెండ్లాడుటకు సిద్ధపడిన బాలికకు పుట్టింటి తలుపు మూసికొనిపోవును. మెట్టినిల్లు ఇంకను ఏర్పడియుండదు. ఈ రెండింటి నడుమ కొన్నాళ్లపాటు ఆమెకొక నీడ కావలెను. ఆ నీడ రాజ్యలక్ష్మమ్మగారి ఇల్లయినది.

1881 డిసెంబరు 11న ఆ ఇంట తొలి వితంతు వివాహము జరిగినది. వరుడు గోగులపాటి శ్రీరాములు. వధువు గౌరమ్మ, పన్నెండేండ్ల బాలిక. నాలుగు దినములకే రెండవ వివాహము జరిగినది. ఊరు కోపించినది. బంధువులు దూరమైరి. వంటవారును, నీరు తెచ్చువారును రావుట మానిరి. అప్పటికి రాజ్యలక్ష్మమ్మగారు ముప్పదియేండ్ల యిల్లాలు. బంధువుల పక్షము చేరి తాను సుఖముగా నుండవచ్చును. ఆమె బిందె చేతబట్టి గోదావరికి పోయి, నీరు మోసి తెచ్చి, తానే వండి వడ్డించిరి. అందరును వెలివేసిన ఇంట ఒక పెద్ద ముత్తైదువ నిర్భయముగా తిరుగుచుండుట చూచిన బాలికకు అంతకుమించిన ఓదార్పు ఏముండును?

ఆ దంపతులకు సంతానము లేదు. ఆశ్రయము కోరి వచ్చిన పిల్లలనే ఆమె కన్నబిడ్డలుగా చూచుకొనిరి. పుట్టినిల్లు పోగొట్టుకొన్నవారికి ఆ ఇల్లే పుట్టిల్లయ్యెను. మేలు పొందినవారందరును కృతజ్ఞులుగా నుండలేదు; కొందరు పంతులుగారికి చిక్కులు తెచ్చిపెట్టిరి. ఆ కారణముచే తరువాత వచ్చిన బాలికకు తలుపు మూయబడలేదు.

క్రమముగా ఇంటిలోని ఆశ్రయము వితంతు శరణాలయముగా రూపొందినది. 1906లో పంతులుగారు హితకారిణీ సమాజమును స్థాపించి, తమ ఆస్తిని దానికి సమర్పించిరి. తాము పోయిన పిమ్మటను వచ్చినవారికి నీడ యుండవలెనన్నదే ఆ త్యాగమునకు అర్థము.

1910 ఆగస్టు 11న రాజ్యలక్ష్మమ్మగారు కన్నుమూసిరి. పంతులుగారు మరి తొమ్మిదేండ్లు జీవించి 1919లో గతించిరి. తన స్వీయచరిత్రలో ఆయన భార్య పడిన శ్రమను మరువక వ్రాసియుంచుటచేతనే నేడు మన కీ సంగతులు తెలియుచున్నవి.

సంస్కరణోద్యమ చరిత్రను బోధించు ఉపాధ్యాయులు వివాహముల తేదీలతోపాటు ఆ నీళ్లబిందెను, ఆ వంటయింటిని గూడ విద్యార్థులకు చూపుట ఉచితము. దిక్కుతోచని పిల్లకు మంచి మాటకంటె ముందు కావలసినది, పొమ్మనని ఒక గడప.