కుట్టుయంత్ర నిర్మాత ఎలియాస్ హౌ

దర్జీ మిషను లేని గ్రామము నేడు అరుదు. దానిపై కుట్టిన చొక్కా తొడుగనివారు అంతకంటె అరుదు. అయినను ఆ కుట్టు ఎట్లు పుట్టినదో, దానికై ఒక మనుష్యుడు ఏమి పోగొట్టుకొనెనో ఎరిగినవారు కొలదిమంది. ఈ రజతోత్సవ సంచికకు ఒక ప్రసిద్ధ పురుషుని చరిత్ర వ్రాసి ఇమ్మని కార్యకర్తలు కోరినపుడు, రాజులను, కవులను విడిచి నేనీ పనివానిని ఎన్నుకొంటిని.

ఎలియాస్ హౌ 1819 జూలై 9వ తేదీన అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున స్పెన్సర్ అను ఊర జన్మించెను. తండ్రి సేద్యముతోపాటు పిండిమరను నడుపువాడు. 1835లో హౌ లోవెల్ పట్టణమున నేతమిల్లుల యంత్రముల పని నేర్వ చేరెను. 1837 నాటి ఆర్థిక సంక్షోభమున ఆ పని పోయెను. పిదప బోస్టన్ నగరమున సూక్ష్మ పరికరములు చేయు ఒక నిపుణునియొద్ద కుదిరెను. కుట్టుయంత్రము చేయగలవానికి ధనమునకు కొదవ ఉండదను మాట అచ్చటనే అతని చెవిని పడినదందురు. అతడు దేహబలము లేనివాడు. ఇల్లాలు ఎలిజబెత్ పరుల బట్టలు కుట్టి సంసారమును ఈదుచుండగా, ఆమె చేతి కదలికను చూచుచు ఆలోచించుచుండెడివాడనియు చెప్పుదురు.

ఇచ్చట కుట్టుల భేదము కొంత తెలిసికొనవలెను. హౌకు పూర్వమే ఫ్రాన్సు దేశమున తిమోనియే అను దర్జీ 1830లో ఒక యంత్రమునకు పేటెంటు హక్కు పొందెను. అది గొలుసుకుట్టు వేయునది. అందు ఒకే దారము ఉండును. ప్రతి టాకాయు వెనుకటి టాకా ఉచ్చులో దూరి గొలుసువలె సాగును. మనము విప్పుకొను ఎరువుల బస్తా మూతి కుట్టు ఆ జాతిదే. తగిన కొన పట్టి లాగినచో సర్రున ఊడివచ్చును. బస్తాకు అది సదుపాయమే గాని, చొక్కా చంకలో అట్లు జరిగినచో నలుగురిలో తలవంపులు. తిమోనియే పారిస్‌లో సైనికుల దుస్తులకై నెలకొల్పిన యంత్రములను, తమ కూటికి ముప్పు వచ్చెనని దర్జీలు గుమిగూడి 1831లో పగులగొట్టిరి. వారి భయమును నేను తప్పు పట్టజాలను.

హౌ త్రోవ వేరు. చేతి సూదికి బెజ్జము వెనుక ఉండగా, అతని సూదికి మొనయొద్ద ఉండును. సూది దారముతో బట్టను దూసికొనిపోయి వెనుకకు మరలునపుడు ఆవలివైపున చిన్న ఉచ్చు ఏర్పడును. ఆ ఉచ్చులోనుండి ఒక నాడె రెండవ దారమును గొనిపోవును. రెండు దారములును బట్ట మందములో పెనవేసికొనును. ఒక కొన లాగినంతమాత్రమున ఊడదు. ఇరువైపులను ఒకే తీరున కానవచ్చును. సాలెవాని నాడెయే ఇట్లు దర్జీ యింటికి వచ్చినదని నాకు తోచును. లోవెల్ మిల్లులలో అతడు దానిని చూచినవాడే గదా! అయితే ఈ కుట్టునకు సాగు గుణము తక్కువ. బనీను వంటి అల్లిక బట్టకు వేసినచో లాగినపుడు దారము తెగును. అట్టివానికి, పోగులు విడు అంచులకును, అంచును చుట్టుకొనిపోవు ఓవర్‌లాక్ కుట్టు వాడుదురు. అది తరువాతి కాలపుది.

1845లో బోస్టన్‌లో పందెము జరిగెను. ఐదుగురు నేర్పరులైన కుట్టుపని స్త్రీలకు తలకొక కుట్టును, హౌకు ఐదు కుట్లను ఇచ్చిరి. అతని యంత్రమే ముందు ముగించెను. అందరును మెచ్చిరి, ఒక్కరును కొనలేదు. వెల 300 డాలర్లు. 1846 సెప్టెంబరు 10న హక్కుపత్రము చేతికి వచ్చెను గాని కాసు రాలేదు.

అతని సోదరుడు ఒక యంత్రమును ఇంగ్లండునకు కొనిపోయి, స్త్రీల లోదుస్తులు చేయించు ఒక వర్తకునకు 250 పౌనులకు అమ్మెను. హౌ కూడ సకుటుంబముగా లండనుకు పోయి అతనియొద్ద పనిచేసెను. ఇరువురికి పొసగలేదు. భార్యాబిడ్డలను ముందు పంపి, యంత్రపు నమూనాను, హక్కుపత్రమును తాకట్టుపెట్టి, 1849లో రిక్తహస్తములతో స్వదేశము చేరెను. ఎలిజబెత్ అప్పటికే క్షయరోగముతో మంచముపట్టి ఉండెను. కొలదికాలమునకే కన్నుమూసెను. ఏ చేతులను చూచి అతడు యంత్రము కల్పించెనో, ఆ చేతులకు దాని ఫలము ఒక్క డాలరైనను అందలేదు. లెక్కలు వ్రాసుకొను నాబోటివానికి ఈ పద్దు ఏ ఖాతాలో వేయవలెనో తెలియదు.

అతడు విదేశమున ఉండగా స్వదేశమున పలువురు అతని కుట్టుతోనే యంత్రములు చేసి అమ్మసాగిరి. వారిలో ఘనుడు ఐజాక్ సింగర్. నిలువున దిగు సూది, కాలితో త్రొక్కు పలక అతని యంత్రమునకు వన్నె తెచ్చినవి. హౌ యంత్రమున బట్టను ముండ్లకు గ్రుచ్చి వ్రేలాడదీయవలసియుండెను. సింగరు దానిని బల్లపై పరచెను. ఈ మేలును ఒప్పుకొనవలెను. కాని కుట్టు హౌదే. వ్యాజ్యము నడచెను. వాల్టర్ హంట్ అనువాడు 1834 ప్రాంతముననే ఇట్టి యంత్రము చేసెనని సింగరు వాదించెను. అది నిజమే గాని, హంట్ హక్కు పొందక విడిచిపెట్టెను. 1854లో హౌ గెలిచెను. సింగరు 15,000 డాలర్లు చెల్లించెను. 1856లో ప్రముఖ నిర్మాతలందరు కూడి ఒడంబడిక చేసికొనిరి. పిదప అమెరికాలో అమ్మిన ప్రతి యంత్రముపై హౌకు 5 డాలర్లు ముట్టెను. మొత్తము ఆదాయము 20 లక్షల డాలర్ల వరకు ఉండునని అంచనా.

అంతర్యుద్ధ కాలమున, 1862లో, ఈ ధనికుడు కనెక్టికట్ దళమున సామాన్య సైనికుడుగా చేరెను. జీతములు రాక సైనికులు ఇబ్బందిపడగా తన సొమ్ము బదులిచ్చెను.

హక్కుపత్రము గడువు 1867 సెప్టెంబరు 10న తీరెను. ఇరువదిమూడు దినములకు, అక్టోబరు 3న, బ్రూక్లిన్‌లో తన 48వ ఏట హౌ మరణించెను.