బ్రాడ్లా ప్రమాణము

1880వ సంవత్సరమున నార్తాంప్టన్ ఓటర్లు చార్లెస్ బ్రాడ్లాను ఇంగ్లండు కామన్సు సభకు ఎన్నుకొనిరి. ఆయన నాస్తికుడు. దైవసాక్షిగా ప్రమాణము చేయుటకు మారుగా సత్యప్రతిజ్ఞ చేసెదనని కోరగా సభ నిరాకరించెను. పోనిండు, అందరివలె ప్రమాణమే చేసెదననగా, నాస్తికుని నోట దైవనామము అపచారమని దానినిగూడ అడ్డగించిరి. ఎంత వింత న్యాయము! సభ వీడి పోనందుకు గడియారపు గోపురమున ఒక రాత్రి బంధించిరి. మరుసటి యేట పోలీసులచే బయటికి ఈడ్పించిరి.

1833లో లండనులో ఒక న్యాయవాది గుమాస్తాకు జన్మించిన బ్రాడ్లా బాల్యమున భక్తుడే. చర్చివారి ఆదివారపు బడిలో బోధించెడివాడు. చర్చి సూత్రములకును సువార్తలకును పొత్తు కుదరక వివరణ కోరగా, మతాచార్యుడు సందేహము తీర్చక నాస్తికుడని ముద్రవేసెను. ఆ ముద్రతోనే బాలుడు ఇల్లు విడువవలసివచ్చెను.

సభలో ఆయనను అడ్డగించినవారందరును భక్తులే యనుకొనరాదు. ప్రధాని గ్లాడ్‌స్టనును చికాకుపరచుటకు దేవుని పేరు వాడుకొన్నవారును గలరు. పరమభక్తుడైన గ్లాడ్‌స్టను మాత్రము బ్రాడ్లా హక్కునే సమర్థించెను. అయినను 1883లో ఆ బిల్లు మూడు ఓట్ల తేడాతో ఓడెను. నార్తాంప్టన్ ప్రజలు విసుగు చెందక మరల మరల ఆయననే గెలిపించిరి. తుదకు 1886లో స్థానము దక్కెను. 1888లో సత్యప్రతిజ్ఞ హక్కును ఆయనయే చట్టము చేయించెను. మన రాజ్యాంగమును శాసనసభ్యులకు ఆ రెండు మార్గములను ఉంచినది.

భారతీయుల పక్షమున వాదించుచు 1889లో బొంబాయి కాంగ్రెసు మహాసభకును ఆయన వచ్చెను. 1891 జనవరి 27న కామన్సు సభ తన పాత నిషేధతీర్మానమును కొట్టివేసెను. అప్పటికాయన మరణశయ్యపై నుండెను. 30వ తేదీన కన్నుమూసెను. అంత్యక్రియలకు వెళ్లిన భారతీయులలో, తుదివరకు దైవమును నమ్మిన గాంధి, అప్పటికి 21 ఏండ్ల న్యాయవిద్యార్థి, ఒకడు.