రాయవేలూరు డాక్టరమ్మ ఐడా స్కడర్



మన ఇళ్లలో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే, వేలూరు తీసుకెళ్లండి అని పక్కింటివాళ్లు చెప్పే మాట మీరు వినే ఉంటారు. మన పెద్దవాళ్లు ఆ ఊరిని ఇప్పటికీ రాయవేలూరు అనే అంటారు. 1911 వరకు ఆ ఊరూ, మన చిత్తూరూ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. అక్కడి సి.ఎం.సి. ఆసుపత్రిని ప్రారంభించిన డాక్టర్ ఐడా స్కడర్ గారి గురించి ఈసారి మీకు చెప్పాలనుకుంటున్నాను. పబ్లిక్ పరీక్షలయ్యాక ఏం చేయాలా అని ఆలోచించే పిల్లలు దీన్ని కాస్త నిదానంగా చదవండి.

ఐడా గారు 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టారు. తాత, తండ్రి ఇద్దరూ అమెరికా నుంచి వచ్చిన మిషనరీ వైద్యులు. చిన్నతనంలోనే ఆమె ఇక్కడి కరువును కళ్లారా చూశారు. తర్వాత అమెరికా వెళ్లి నార్త్‌ఫీల్డ్ బడిలో చదువుకున్నారు. ఇంట్లో అందరిలా మిషనరీ కావాలని ఆమెకు ఏమాత్రం లేదు. అక్కడే పెళ్లి చేసుకుని హాయిగా ఉండాలన్నదే ఆమె కోరిక. అది తప్పు కోరికా? కాదు కదా. ఆ వయసులో ఎవరికైనా ఉండేదే.

1890లో తల్లికి జబ్బు చేయడంతో సాయంగా ఉండటానికి తిండివనం వచ్చారు. కొన్నాళ్లుండి వెళ్లిపోదామనే వచ్చారు. ఒక రాత్రి ముగ్గురు మనుషులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తలుపు తట్టారు. ఒకాయన బ్రాహ్మణుడు, ఒకాయన ముస్లిం, ఇంకొకాయన మరో హిందూ గృహస్థు. ముగ్గురి భార్యలూ ప్రసవం కష్టమై ప్రాణాపాయంలో ఉన్నారు. మా నాన్నగారు డాక్టరు, ఆయన్ని పంపిస్తానని ఆమె చెప్పారు. పరాయి మగవాడు మా ఆడవాళ్లను ముట్టుకోకూడదని వాళ్లు ఒప్పుకోలేదు. ఆమే రావాలన్నారు. ఆమెకేమో వైద్యం రాదు. తెల్లారేసరికి ఆ ముగ్గురు తల్లులూ చనిపోయారని కబురు తెలిసింది.

ఆమె గదిలో కూర్చుని చాలాసేపు ప్రార్థన చేసుకున్నారు. దేవుడు తనను పిలుస్తున్నాడని ఆమెకు గట్టిగా అనిపించింది. బయటికి వచ్చి, అమెరికా వెళ్లి డాక్టరు చదువుతానని తల్లిదండ్రులకు చెప్పేశారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. అంత బాధలో ఉన్న మనిషి ఏం చేయాలనుకుంటారు? రేపటినుంచే నాకు చేతనైన సేవ చేస్తాను అనుకుంటారు. ఆమె అలా తొందరపడలేదు. పని రాకుండా జాలి ఒక్కటే ఉంటే ఏ తల్లీ బతకదని ఆ రాత్రే ఆమెకు అర్థమైంది. అందుకే ఏళ్ల తరబడి చదువుకు సిద్ధపడ్డారు. ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరి, తర్వాత న్యూయార్కులోని కార్నెల్‌కు మారి, 1899లో పట్టా తీసుకున్నారు. ఆడపిల్లలను తొలిసారి చేర్చుకున్న తరగతుల్లో వారిదొకటి.

1900లో వేలూరు వచ్చారు. ఆ ఏడాదే తండ్రి చనిపోయారు. ఒక్క మంచంతో వైద్యం మొదలైంది. న్యూయార్కులో ఒక బ్యాంకరు తన భార్య జ్ఞాపకంగా ఇచ్చిన 10,000 డాలర్లతో 1902లో 40 పడకల ఆసుపత్రి తెరిచారు. గుడియాత్తం దారిలో చెట్లకింద ఆగి పల్లెజనానికి మందులిచ్చేవారు.

రోగులు ఎంతమంది వచ్చినా ఆమె ఒక్కరే. పగలూ రాత్రీ తానే చూస్తే ఇంకొంతమంది బతుకుతారు, నిజమే. కానీ తన తర్వాత? అందుకని ఆ తీరికలేని పనిలోనే సమయం మిగిల్చి, 1909లో నర్సుల బడి, 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల పెట్టారు. ముగ్గురైనా దరఖాస్తు పెడితే గొప్పే అని అధికారి ఒకరు అన్నారట. వచ్చినవి 151 దరఖాస్తులు. మొదటి జట్టులో 14 మంది 1922లో డాక్టర్లయ్యారు.

అంతటితో కష్టం తీరలేదు. వైద్య చదువంటే ఇక విశ్వవిద్యాలయ పట్టా ఉండాల్సిందేనని ప్రభుత్వం నియమం తెచ్చింది. దానికి తగ్గ భవనాలు, అధ్యాపకులు లేకపోతే పాఠశాల మూతపడుతుంది. అప్పటికి ఆమెకు డెబ్బై ఏళ్లు. విశ్రాంతి తీసుకుంటానంటే ఎవరూ తప్పుపట్టరు. ఆమె 1941లో అమెరికా వెళ్లి ఊరూరా తిరిగి విరాళాలు అడిగారు. 1942లో ఎం.బి.బి.ఎస్. మొదలైంది. 1947 నుంచి మగపిల్లలనూ చేర్చుకున్నారు. 1960 మే నెలలో కొడైకెనాల్‌లో ఆమె కన్నుమూశారు. పెళ్లి చేసుకోలేదు. మొదట కోరుకున్న జీవితం ఆమెకు దక్కలేదన్నది కూడా మనం మర్చిపోకూడదు.

పిల్లలూ, ఆ రాత్రి తీసుకున్న నిర్ణయానికి కట్టుబడటానికి ఆమె ఆ తర్వాత ఎన్నోసార్లు మళ్లీ నిర్ణయించుకోవాల్సి వచ్చింది. మీకూ అంతే. పది పాసవగానే దుకాణంలో పనికి వెళ్తే వచ్చేనెల నుంచే చేతికి డబ్బు వస్తుంది. ఇంట్లో అవసరముంటే ఆ ఆశ ఎంత గట్టిదో నాకు తెలుసు. అయినా నిర్ణయం తీసుకునేముందు ఒక్కసారి బడికి వచ్చి నాతో మాట్లాడండి.

తల్లిదండ్రులారా, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. ఒక వైద్యం తెలిసిన ఆడమనిషి లేక ఒకే రాత్రి ముగ్గురు తల్లులు పోయారు. మీ అమ్మాయి చదువు ఆపేయాలనుకుంటే, ఆ సంగతి ఒక్కసారి గుర్తుచేసుకోండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు