బ్రూసు మెక్‌లారెను

2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదునందు హుస్సేనుసాగరపు గట్టున విద్యుచ్ఛక్తిచే నడచు కార్ల పందెము జరిగినది. మన దేశమున అట్టి పందెము జరుగుట అదియే మొదటిసారి. సాగరము చెంతనున్న వీధులను కలిపి రమారమి 2.8 కిలోమీటర్ల పొడవుగల బాటను ఏర్పఱచిరి. మన రెజిమెంటల్ బజారునుండి ఆ చోటు ఎంతో దూరము కాదు. ఆనాడు పరుగిడిన కార్లలో రెండు మెక్‌లారెను అను పేరుగల జట్టువి. అది ఒక కంపెనీ పేరని మాత్రమే పలువు రెఱుగుదురు. అది ఒక మనుష్యుని పేరనియు, ఆ మనుష్యుడు బాల్యమున అడుగు తీసి అడుగు వేయలేక మంచమునకు కట్టుబడి యుండెననియు ఎఱిగినవారు తక్కువ. కావున ఆతని చరిత్రమును మా చిన్న చదువరులకు సంగ్రహముగా వినిపింప దలచితిమి.

బ్రూసు మెక్‌లారెను 1937వ సంవత్సరము ఆగస్టు 30వ తేదీన న్యూజీలాండు దేశమునందలి ఆక్లండు నగరమున జన్మించెను. తండ్రి పేరు లెస్, తల్లి పేరు రూత్. తండ్రికి ఆ నగరమున రెమ్యూరా అను పేటలో పెట్రోలు అమ్మెడి దుకాణమును, దానిని చేరి మోటారులు బాగుచేయు పనిచోటును ఉండెను. ఆయన వయసులో నున్నప్పుడు మోటారుసైకిలు పందెములలో పాల్గొనినవాడు. ఆ కుటుంబము ఆ దుకాణపు మేడమీదనే కాపురముండెను. అందుచే బాలుడు పుట్టినది మొదలు పానాల చప్పుడును, పెట్రోలు వాసనను ఎఱిగి పెరిగెను.

తొమ్మిదవ యేట ఆతనికి గొప్ప ఆపద సంభవించెను. ఎడమ తుంటియందు పెర్తీసు అను వ్యాధి పుట్టెను. తుంటికీలునందలి ఎముక గుండునకు రక్తము సరిగా అందకపోవుటచే ఆ ఎముక మెత్తబడి రూపు చెడుట ఈ వ్యాధి లక్షణము. ఆ కాలమున దీనికి విశ్రాంతియే ముఖ్యమైన చికిత్స. బాలుని విల్సను హోము అను ఆశ్రమమున చేర్చి, కాళ్లు కదలకుండ ఒక చట్రమునకు కట్టి పరుండబెట్టిరి. తోటిబాలురు బంతులాడుకొను ప్రాయమున ఆతడు సుమారు రెండేండ్లు వెల్లకిల పరుండి కప్పు వైపు చూచుచు గడపెను. తుదకు లేచి నిలువగలిగెను గాని, ఎడమకాలు కుడికాలికంటె పొట్టిదై జీవితాంతము కుంటుచునే నడచెను. ఆటల మైదానము ఆతనికి మూతబడినది. తండ్రి పనిచోటు మాత్రము తెఱచియే యుండెను.

అచ్చటికి ఒకనాడు ఒక పాతకారు వచ్చెను. అది 1929వ సంవత్సరమున ఇంగ్లండులో తయారైన ఆస్టిన్ సెవెన్ అల్‌స్టర్ అను చిన్న స్పోర్ట్సు కారు. వచ్చినప్పుడు అది కారుగా రాలేదు. విడివిడి భాగములుగా వచ్చెను. తండ్రి దానిని కూర్చి బాగుచేసి లాభమునకు అమ్మదలచెను. కూర్చిన పిమ్మట నడిపి చూడగా అది అపాయకరమని తోచి, వదలించుకొనుటయే మేలనుకొనెను. కుమారుడు మాత్రము అమ్మనీయలేదు. ఆ భాగములను ఒక్కొక్కటిగా తుడిచి, అరిగినవానిని మార్చి, బిగించినవాడు ఆతడే గదా! తన చేతులతో కూర్చిన బండిని అన్యుల కిచ్చుటకు ఆతని మన సొప్పలేదు. తండ్రి మెత్తబడి కారును కుమారునికే విడిచెను.

ఆ కారు స్వరూపమును కొంత చెప్పవలసియున్నది. దాని ఇంజను 747 ఘనపు సెంటీమీటర్లది. అనగా నేటి గొప్ప మోటారుసైకిళ్ల ఇంజనులకంటె పెద్దది కాదు. సిలిండర్లు నాలుగు. బ్రేకులు ఇనుపతీగెల లాగుడుచే పనిచేయునవి. తీగె సాగిన బ్రేకు సడలును. ఇట్టి కారునకు వేగము పెంచుట రెండు విధముల సాధ్యము. సిలిండరునందు పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని మఱింత ఇఱుకుచోట నదిమినచో దాని శక్తి హెచ్చును. అక్కఱలేని బరువును తీసివేసినచో ఉన్న శక్తియే ఎక్కువ పని చేయును. ఈ రెండును చేసి, బ్రేకులను, టైర్లను మఱచినవాడు తన గోతిని తానే త్రవ్వుకొన్నవాడగును. పరుగు పెంచిన మేరకు ఆపుశక్తిని గూడ పెంచవలెను. ప్రతి పరుగునకు తరువాత ఇంజను ఆయిలును చూడవలెను. వేడికి బ్రేకులు అరిగినవా యని పరీక్షింపవలెను. అదురుటచే సడలిన మరలను మఱల బిగింపవలెను. నడుపుట గడియసేపు, సంరక్షణము దినమంతయు. స్పోర్ట్సు కారు గలవాని జీవిత మిట్టిది. బాలుడగు బ్రూసు ఈ క్రమము నంతయు తండ్రివలన నేర్చెను. ఇంటి పెరటిలో చెట్లనడుమ ఎనిమిది అంకె ఆకారముగా ఒక బాటను గీచుకొని, కారును త్రిప్పుట అభ్యసించెను. కుంటికాలు గలవానికి ఆ బండియే కాళ్లయినది.

1952వ సంవత్సరమున మురివాయి అను సముద్రతీరపు ఊరియొద్ద కొండబాటమీద జరిగిన పోటీలో ఆతడు ఆ కారుతో మొదటిసారి పాల్గొనెను. అట్టి పోటీలో కార్లన్నియు ఒక్కసారి పరుగిడవు. ఒక్కొక్కటిగా గడియారముతో పోరాడును. ప్రక్కవానిని మించుటకంటె తన క్రిందటి పరుగును తాను మించుట అచ్చట ముఖ్యము. నేడు పలు దేశములలో సామాన్యులు సెలవుదినములందు తమ సొంత కార్లను పందెపు బాటకు కొనిపోయి, రుసుము చెల్లించి, గెలుపోటముల ఊసు లేక నడుపుచుందురు. వారి ఆనందమును ఇట్టిదియే.

బ్రూసు సాంకేతిక పాఠశాలయందు చదివి, పిదప ఆక్లండు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగులో చేరెను. పందెములయందలి నేర్పు ఆ చదువును పూర్తికానీయలేదు. 1958లో ఆ దేశపు పందెముల సంఘమువారు ఒక యువకుని ఐరోపాకు పంపి శిక్షణ మిప్పించు ఏర్పాటు చేసి, మొట్టమొదట ఈతనినే ఎన్నుకొనిరి. ఆస్ట్రేలియా వాడగు జాక్ బ్రబాము ఈతని కాప్తుడై ఇంగ్లండులోని కూపరు కంపెనీవారికి పరిచయము చేసెను. అచ్చట ఈతనికై కారు సిద్ధముగా లేదు. తన కారును తానే కూర్చుకొనవలసి వచ్చెను. ఇతరులకది అవమానముగా తోచి యుండును. పెట్టెలలో వచ్చిన ఆస్టినును కూర్చినవాని కది అలవాటైన పనియే. ఆ సంవత్సరమే జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగు బాటపై రెండవ తరగతి కార్లలో ప్రథముడుగను, అందఱిలో అయిదవవాడుగను వచ్చి పెద్దలను ఆశ్చర్యపఱచెను.

మఱు సంవత్సరము డిసెంబరు 12వ తేదీన అమెరికాలోని సెబ్రింగునందు ఆ యేటి కడపటి గ్రాండ్ ప్రీ పందెము జరిగెను. బ్రబామును, బ్రూసును ఒకే జట్టువారు. బ్రబాము ముందు పోవుచుండ, చివరి చుట్టులో ఆతని పెట్రోలు నిండుకొనెను. తన గురుతుల్యుని కారు నెమ్మదించుట గని బ్రూసు తానును వేగము తగ్గించెను. బ్రబాము పొమ్మని చేయి విసరగా, ముందునకు సాగి గెలిచెను. బ్రబాము తన కారును గమ్యమువఱకు చేతులతో నెట్టుకొని వచ్చి నాలుగవ స్థానమును, ఆ యేటి లోకవిజేత బిరుదమును పొందెను. బ్రూసు వయసు అప్పటికి 22 ఏండ్ల 104 దినములు. గ్రాండ్ ప్రీ గెలిచిన వారిలో ఇంత పిన్నవాడు 2003లో ఫెర్నాండో అలొన్సో గెలుచువఱకు ఫార్ములా వన్ కార్లు నడుపువారిలో లేడు.

1963లో ఆతడు తన పేరనే ఒక చిన్న కంపెనీని స్థాపించెను. న్యూ మాల్డెను అనుచోట మట్టినేలగల ఒక షెడ్డు వారి మొదటి కార్యస్థానము. మఱు సంవత్సరము జెరెక్సు స్పెషల్ అను స్పోర్ట్సు కారును కొనెను. అదియు ఒకప్పుడు పందెములో దెబ్బతిని, మఱియొకరిచే బాగుచేయబడి, చేతులు మాఱిన బండియే. బ్రూసును, ఆతని కొలదిమంది పనివారును దాని చట్రపు నడిమిభాగమును కోసివైచి గట్టిదానిని అతికించిరి. పాత ఇంజను తీసి, ఎనిమిది సిలిండర్ల అల్యూమినియపు ఇంజను నిలిపిరి. కెనడాలోని మోస్పోర్టు పందెమునకు గడువు ముంచుకొని వచ్చెను. పొగగొట్టములను సరిగా అమర్చుటకు తీరిక లేక, ఎనిమిది పొట్టిగొట్టములను ఆకాశమువైపు నిక్కబొడుచుకొని యుండునట్లు వదలిరి. ఆ వికారపు రూపుతోడనే ఆ కారు 1964 జూనులో మోస్పోర్టున గెలిచెను. ఆ యనుభవమునుండియే మెక్‌లారెను కంపెనీవారి సొంత స్పోర్ట్సు కారు పుట్టినది.

తరువాతి కీర్తిని క్లుప్తముగా చెప్పెదము. 1966లో ఫ్రాన్సులోని లె మాన్స్ నందు, తన దేశస్థుడే యగు క్రిస్ ఏమనుతో వంతులవారీగా ఫోర్డు కారును నడిపి, 24 గంటల పందెమును గెలిచెను. 1968 జూను 9వ తేదీన బెల్జియములోని స్పా బాటపై తన పేరుగల కారును తానే నడిపి గ్రాండ్ ప్రీ గెలిచెను. ముందున్నవాడు చివరలో పెట్రోలుకై ఆగిన సంగతి తెలియక, తాను రెండవవాడ ననియే తలచి కారు దిగెనట! ఉత్తర అమెరికాలో జరిగెడు కాన్-యామ్ అను స్పోర్ట్సు కార్ల పోటీలలో 1969వ సంవత్సరమున 11 పందెములు జరుగగా, 11టిని ఆతని జట్టువారే గెలిచిరి.

ఇంత కీర్తి వచ్చినను, క్రొత్త కారును ఇతరుల కిచ్చుటకు ముందు తానే నడిపి పరీక్షించుట ఆతడు మానలేదు. 1970వ సంవత్సరము జూను 2వ తేదీన ఇంగ్లండులోని గుడ్‌వుడ్ బాటపై తమ క్రొత్త స్పోర్ట్సు కారును పరీక్షించుచుండెను. తిన్నని బాటపై మిక్కిలి వేగముతో పోవునప్పుడు కారు వెనుకభాగపు కప్పు ఊడిపోయెను. వెనుకచక్రములను నేలకు అదిమిపట్టు గాలియొత్తిడి దానితోడనే పోయెను. కారు గిఱ్ఱున తిరిగి బాటప్రక్క కట్టడమును తాకెను. బ్రూసు తత్‌క్షణమే మరణించెను. ఆతని వయసు 32 ఏండ్లు. భార్యయు, పసికూతురును మిగిలిరి.

చిన్ననాటినుండి ప్రతి మరను చేతితో తడిమి బిగించిన వానికే ఇట్టి మరణము ప్రాప్తించుట మమ్ము కలచివేయుచున్నది. జాగ్రత్త అపాయమును తగ్గించునే గాని, లేకుండ చేయజాలదు. ఆ సంగతి ఆతడెఱిగియే యుండెను. తోడివారు పందెములలో మరణించుటను కన్నులార చూచినవాడు. ఐనను, వేఱొకని ప్రాణమును పెట్టుటకు ముందు తన ప్రాణమును పెట్టి చూచెను. ఇది సాహసము మాత్రమే కాదు, యజమాని ధర్మము.

ఆ దుర్దినమున పనివారికి సెలవిచ్చి, ఇండ్లకడ నుండుడని చెప్పిరి. మఱునాడు అందఱును పనికి వచ్చిరి. పండ్రెండు దినములలో, జూను 14వ తేదీన, మోస్పోర్టులోనే పందెము. ఎనిమిది గొట్టముల వికారపు కారు గెలిచిన చోటది. డెన్నీ హ్యూమ్ అను వాని చేతులు అంతకు కొలది దినముల క్రిందట అగ్నిప్రమాదమున కాలియుండెను. ఆ చేతులతోడనే ఆతడు కారు నడిపెను. మృతుని స్థానమున డాన్ గర్నీ కూర్చుండి, ఆ పందెమును గెలిచెను. ఒక మనుష్యుడు పోయిన వెనుక ఆతని పని నిలుచునా యను ప్రశ్నకు ఆ పనివా రిచ్చిన జవాబిది. 1974లో ఆ జట్టువారు ఫార్ములా వన్ లోకవిజేతలైరి; ఏబదియేండ్ల తరువాత 2024లోను జట్ల బిరుదమును గెలుచుకొనిరి.

ఈ విద్య మనవారికి పరాయిది కాదు. కోయంబత్తూరునందు తెలుగు మాటలాడు కుటుంబమున పుట్టిన కరివర్ధను, మారుతీ కారు ఇంజనుతో తక్కువ వెలకు పందెపు కార్లను చేయించి, ఎందఱో యువకులకు త్రోవ చూపెను. 1995లో విమానప్రమాదమున ఆతడును అకాలమరణము నొందగా, ఆ నగరము చెంతనున్న పందెపు బాటకు ఆతని పేరు పెట్టిరి.

బాలబాలికలారా! వేగమునందు మీకు మక్కువ యుండుట మే మెఱుగుదుము. తలిదండ్రులకు దానివలని భయమును ఎఱుగుదుము. బ్రూసు చరిత్రము ఈ ఇరువురకును చెప్పు మాట యొకటి కలదు. వీధి పందెపు బాట కాదు. అచ్చట ముసలివారు, పసివారు, పశువులు తిరుగుదురు. వేగమును కోరువాడు మొదట పానా పట్టుట నేర్వవలెను. తన బండియందలి ప్రతి భాగము పేరును, పనియును తెలిసికొనవలెను. పిదప వేగమునకై కట్టిన చోటనే దానిని నడుపవలెను. తండ్రి మొదట వలదనిన కారును కుమారునికి విడిచినది, వాని చేతుల పనితనము కన్నులార చూచిన పిమ్మటనే. ఆ చిన్న ఆస్టిను కారును పాఱవేయలేదు. ఇంగ్లండులోని వోకింగు పట్టణమున మెక్‌లారెను కంపెనీవారు దానిని తమ గొప్ప కార్ల సరసన భద్రపఱచిరి. పెట్టెలలో భాగములుగా వచ్చిన బండియు, మంచమునకు కట్టుబడిన బాలుడును ఒకరి నొకరు నిలువబెట్టిన చరిత్రమిది.