ఖాకీ కట్టించిన లమ్స్‌డెన్ దొర

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసివ్వమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, ముందుగా నాకు గుర్తొచ్చింది ట్రంకు పెట్టెలో మా ఇంటావిడ మడతపెట్టి దాచిన ఖాకీ చొక్కా. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ రంగే తొడుక్కున్నాను. ఇది ఎవరి పుణ్యమో తెలిసింది మాత్రం పదవీ విరమణ చేశాకే.

ఆయన పేరు హ్యారీ లమ్స్‌డెన్. 1821లో బంగాళాఖాతంలో, ఓడ మీదే పుట్టాడు. పదహారు, పదిహేడేళ్ళ వయసుకే కంపెనీ సైన్యంలో చేరాడు. ఆ రోజుల్లో సిపాయి వేషం చూడముచ్చటగా ఉండేది గాని, తొడుక్కున్నవాడి పాట్లు దేవుడికెరుక. బిగుతైన ఎర్రకోటు, మెడకు తోలుపట్టీ, ఛాతీ మీద అడ్డంగా తెల్లని పటకాలు. మన ఎండల్లో అది బట్ట కాదు, శిక్ష. పైగా కొండమీద తుపాకీ పట్టుకు కూర్చున్నవాడికి ఆ ఎరుపు మైలు దూరం నుంచే కనబడేది.

సిక్కులతో మొదటి యుద్ధం 1846లో ముగిసింది, రెండోది 1848లో మొదలైంది. ఈ రెండింటి నడుమనే లమ్స్‌డెన్ పెషావరులో గైడ్స్ దళాన్ని లేవదీశాడు. మొదట మూడువందల మంది లోపే. దారులు, భాషలు తెలిసినవాళ్ళు కావాలి గనుక కులగోత్రాలు చూడలేదు. తలకు వెల కట్టిన దిలావర్ ఖాన్ అనే బందిపోటును కూడా పిలిపించి కొలువిచ్చాడు. ఇలాంటి సాహసం మన ఆఫీసుల్లో ఏ అధికారీ చేయడు లెండి!

దుస్తుల విషయం కూడా అతని ఇష్టానికే వదిలారు. వదులైన నూలు చొక్కా, పైజామా, తలపాగా కుట్టించి వాటికి మట్టి రంగు వేయించాడు. ఖాక్ అంటే పారసీలో దుమ్ము, ధూళి. అదే ఖాకీ అయింది. కవాతు మైదానంలో ఆ మురికి రంగు చూసి మిగతా పటాలాల వాళ్ళు ముక్కు విరిచి ఉంటారు. కొండల్లో మాత్రం మనిషిని నేలలో కలిపేసి, ప్రాణం కాపాడింది. 1857లో ఎందరో తెల్లసిపాయిలు తమ తెల్లబట్టలను తామే రంగులో ముంచుకున్నారు. బోయర్ యుద్ధం తరువాత, 1902లో, బ్రిటన్‌లోనూ యుద్ధ దుస్తులు ఆ రంగుకే మారాయి. ఫ్రెంచివాళ్ళు మాత్రం 1914 దాకా ఎర్రలాగులు వదలక, బోలెడంత మందిని పోగొట్టుకున్నారు.

మనకు సంబంధించిన ముచ్చట ఒకటుంది. 1862లో లమ్స్‌డెన్‌ను హైదరాబాద్ కంటింజెంటుకు అధిపతిని చేశారు. దాని ప్రధాన స్థావరం మన బొల్లారమే. 1860ల చివర వరకూ అక్కడే పనిచేసి, స్కాట్లండు వెళ్ళిపోయి, 1896లో చనిపోయాడు.

అతన్ని నెత్తిన పెట్టుకోమని నేననను. కంపెనీ రాజ్యం కోసం కత్తి పట్టినవాడే. మా నాన్నగారి తరానికి ఖాకీ అంటే లాఠీదెబ్బే గుర్తొచ్చేది. నేను ఉద్యోగంలో చేరిన రోజున ఆ చొక్కాతో ఇంటికొస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మొదటి జీతం తెచ్చి చేతిలో పెట్టినప్పుడు మాత్రం చొక్కా మోచేతి దగ్గర చిరుగు చూసి, సూది దారం తెమ్మని అమ్మతో చెప్పారు.